అడిగినవాళ్లకు లేదనని ఇల్లు

అరకు దగ్గర మా ఇంట్లో ఒకరోజు బ్రౌజర్ తెరిస్తే ఎన్నడూ చూడని పేజీ వచ్చింది. మిరియాల ధర వెతికితే ప్రకటనల్లోకి ఈడ్చుకుపోయింది. సెట్టింగులు సరిచేసినా, మళ్లీ తెరిచేసరికి అదే పేజీ. నాకు ఒళ్లు మండింది. మా అక్కను మేం అప్ప అంటాం. ఆమెనే నిలదీశాను.

“ఏటి సేసినావప్పా?”

“నానేటీ సెయ్యనేదు. పాటల ప్రోగ్రాం ఎక్కిత్తంటే మద్దిలో ఏదో అడిగింది, సరే అని నొక్కినాను. మళ్లీ అడిగింది, మళ్లీ నొక్కినాను. గుమ్మంలోకొచ్చి అడిగినోళ్లకి లేదంటామా?”

మా కొండల్లో దారినపోయేవాడు వాకిట్లో ఆగితే, ఎవరని అడగకముందే అంబలి పోస్తాం. అప్ప కంప్యూటర్‌కూ అదే మర్యాద చేసింది.

పాటలతో పాటు చొరబడిన ప్రోగ్రాంను వెతికి తీసేశాను. బ్రౌజర్‌ను మొదట్లో ఉన్నట్టు చేశాను. ఎవరు, ఎందుకు అని చూడకుండా సరే అనొద్దని అప్పకు గట్టిగా పాఠం చెప్పాను.

ఆ సాయంత్రం ఎవరో పెద్దాయన వాకిట్లో నిలబడి మంచినీళ్లు అడిగాడు. చెంబు చేతిలో పట్టుకునే, “ఎవరు మీరు? ఏ పనిమీద వచ్చినారు?” అన్నాను.

అప్ప నా చేతిలోంచి చెంబు తీసుకుని ఆయనకిచ్చింది.