నూలు వేస్టు ముట్టని జయరాములు

1993 ఆగస్టులో ఒక సాయంత్రం, వేలూరు నుంచి గుడియాత్తం పోయే బస్సు కె.వి.కుప్పం దాటగానే కండక్టరు టిక్కెట్లు చింపడం ఆపాడు. వాసన కొడుతోంది, ఎవరో కిరోసిను డబ్బా ఎక్కించారనీ, వాళ్ళు మర్యాదగా దిగిపోతే మంచిదనీ చెప్పాడు. ఎవరూ దిగలేదు. సీట్ల కింద వెతికారు. ఒక పూలగంప, లుంగీల మూట, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు బయటపడ్డాయి గానీ కిరోసిను దొరకలేదు. కిటికీ పక్కన బీడీ కాలుస్తున్న పెద్దమనిషి ఎందుకైనా మంచిదని బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకున్నాడు. మూడో సీట్లో కూర్చున్న జయరాములు పెదవులు బిగించుకుని, అడక్కుండానే తన సంచి విప్పి చూపించాడు. సంచిలో ఏమీ లేదు. డీజిలు అతని కడుపులో ఉంది.

ఆ పొద్దున వేలూరు ఐటీఐలో డ్రమ్ములోంచి క్యానులోకి డీజిలు దించడం నేర్పారు. ట్యూబు ఒక కొస డ్రమ్ములో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాలి. డీజిలు నోటిదాకా రాకముందే ట్యూబు తీసి క్యానులో పెట్టాలి. తనకు ముందు పదకొండు నోళ్ళు ఆ ట్యూబును చప్పరించాయని తలుచుకుని జయరాములు అసహ్యంతో కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నవాడికి డీజిలు ఎక్కడిదాకా వచ్చిందో కనబడదు. ఒక గుక్క లోపలికి పోయింది. పాఠం చెప్పే శంకరలింగం సారు, నోరు బాగుపడుతుందని బెల్లం ముక్క ఇచ్చాడు. డీజిలుకు తిరగని కడుపు బెల్లాన్ని చూడగానే తిరిగింది.

దానికి కారణం ఉంది. గుడియాత్తం బజారులో జయరాములు నాయన సుందరరాజులుది పెద్ద సరుకుల అంగడి. ఆ అంగట్లో బెల్లం దిమ్మ మీద నల్లగా కదిలేది ఏమిటో, చింతపండు బుట్టలోకి ఎలా తొక్కుతారో, కందిపప్పు మూటలో పప్పు కానివి ఏముంటాయో జయరాములుకు పసితనం నుంచీ తెలుసు. అన్నం తినేటప్పుడు అవన్నీ గుర్తుకు వచ్చేవి. పదో తరగతి అయ్యాక తక్కెడ పట్టమంటే వారం రోజులు పట్టాడు, మూడు కిలోలు తగ్గాడు. అప్పుడే డీజిలు మెకానిక్కు చదువు సంగతి విన్నాడు. ఇనుముకు ఈగలు ముసరవు కదా అనుకున్నాడు.

కొడుకు గ్రీసు పూసుకునే పనికి పోతానంటే సుందరరాజులుకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చివరికి షరతు పెట్టాడు.

"సమ్మచ్చరం పోయిరా నాయనా. పరీచ్చ తప్పినావో, మర్నాడు పొద్దున్నే తక్కెడ పట్టుకోవాల. ఇంగ నోరెత్తకూడదు."

జయరాములు నోరెత్తకుండానే తలూపాడు. జన్మంతా ఆ బెల్లం పక్కన కూర్చోవడమా, కాదా అన్నది ఆ ఒక్క పరీక్ష మీద పడింది.

ఇనుముకు ఈగలు ముసరవన్నది నిజమే. ఈగకు కూడా కొంచెం శుభ్రత కావాలి. ఇంజన్ల షెడ్డులో నేల మీద నడిస్తే చెప్పు లేచేది కాదు, పాదమే లేచేది. గోళ్ళలో చేరిన నలుపు సీకాయకు లొంగలేదు, సోడాకు లొంగలేదు. గేరు ఆయిలు వాసన అతనితోపాటే పడుకుని అతనితోపాటే లేచేది. ఇంట్లో వాళ్ళమ్మ మీనాక్షమ్మ కొడుకు కంచాన్నీ చెంబునూ వసారాలోకి మార్చింది. నువ్వు ముట్టిన చెంబు తోమితే రెండు దినాలు నా చెయ్యి లారీ మాదిరి కంపు కొడతా ఉండాదని చెప్పి, అన్నం దూరం నుంచి వడ్డించేది. జయరాములుకు కోపం రాలేదు. ఆమె స్థానంలో తానుంటే వడ్డించేవాడే కాదు.

వీటన్నిటినీ మించిన రోత ఒకటుంది. అది నూలు వేస్టు డ్రమ్ము. గుడియాత్తంలో లుంగీ మగ్గాల దగ్గర తెగిన రంగురంగుల నూలు పోగులను మూటలు కట్టి వర్క్‌షాపులకు అమ్ముతారు. షెడ్డులో దేన్ని తుడవాలన్నా అదే. చేతులు దాంతోనే, స్పానర్లు దాంతోనే, చెమట దాంతోనే. ఒక్కొక్కరు ముక్కు కూడా దాంతోనే తుడిచి, మళ్ళీ అదే డ్రమ్ములో పడేసేవారు. పారేయడం దండగ అని సారు ఉద్దేశం. ఆ డ్రమ్ములో చెయ్యి పెట్టడం కంటే చెయ్యి లేకుండా బతకడం నయమని జయరాములు అనుకునేవాడు. ఇంటి నుంచి ఒక సత్తు పళ్ళెం తెచ్చుకుని, అందులో శుభ్రమైన డీజిలు పోసి, విప్పిన ప్రతి సామానూ ముంచి కడిగి, తుడవకుండా కాగితం మీద ఆరబెట్టేవాడు.

బ్యాచిలో ప్రభాకరన్ అని ఒక మేస్త్రీ కొడుకు ఉండేవాడు. గుడియాత్తం వాడే, రోజూ ఒకే బస్సు. "ఏమప్పా చెట్టీ, వడియాలు పెట్టుండావా? కాకులొస్తాయి చూసుకో," అనేవాడు. షెడ్డంతా నవ్వేది. శంకరలింగం సారు కూడా ముఖం తిప్పుకుని నవ్వేవాడు.

మరుసటి ఏడాది జులైలో పరీక్ష. మద్రాసు నుంచి పరీక్షాధికారి వచ్చాడు. ఎవరికి ఏ ఇంజను అన్నది చీట్లు వేసి తేల్చారు. ఆగిపోయిన ఇంజన్ను మూడు గంటల్లో నడిపించి చూపాలి. ప్రభాకరన్‌కు రైసు మిల్లు ఇంజను వచ్చింది. జయరాములు చీటీ విప్పి చదివి, ఇంకోసారి చదివి, గోడకు ఆనుకున్నాడు.

అది పేర్ణాంబట్టులో పచ్చితోళ్ళు పదును చేసే షాపుది. తోళ్ళు నానబెట్టే సున్నపు గుంటల్లో నీళ్ళు తోడిన ఇంజను. జర్మనీకి బూట్ల తోళ్ళు పంపడం మొదలయ్యాక షాపువాళ్ళు కొత్తది కొనుక్కుని, పాతదాన్ని పిల్లలు నేర్చుకుంటారని బడికి దానం చేశారు. వారం నుంచి బ్యాచిలో ఒకరి తరువాత ఒకరు దాని లోపలి సామాన్లు విప్పి, తుడిచి, బిగించి, తిప్పి, తిట్టి వదిలేశారు. పై నుంచి కింది దాకా వేలు మందాన ఏదో పేరుకుని ఉంది. అందులో సున్నం ఉంది, కొవ్వు ఉంది, గ్రీసు ఉంది. వాటిలో దిగబడి చిన్న చిన్న వెంట్రుకలున్నాయి, తెల్లవీ ఎర్రవీ, ఏ మేకవో ఏ ఎద్దువో. కొన్ని గాలికి కదులుతున్నాయి.

జయరాములు బయటికి పోయి వాంతి చేసుకుని వచ్చాడు. తరువాత స్పానరు ముట్టలేదు. కిరోసినూ, సోడాపొడీ, కొబ్బరిపీచూ అడిగి తెచ్చుకుని ఇంజన్ను తోమడం మొదలుపెట్టాడు. పక్కన రైసు మిల్లు ఇంజను గంటలోపే లేచింది. ప్రభాకరన్ చేతులు వేస్టుతో తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జయరాములు తోముతూనే ఉన్నాడు. పరీక్షలో మాట్లాడకూడదు కనుక శంకరలింగం సారు కిటికీ అవతల నిలబడి ఒకసారి గడియారం చూపించాడు, ఒకసారి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అప్పటికి రెండు గంటలు అయిపోయాయి. తక్కెడ గొలుసు చప్పుడు జయరాములు చెవిలో వినబడుతూనే ఉంది. అయినా, ఆ వెంట్రుకలు ఉన్నంతసేపు చెయ్యి ముందుకు పోతేగా.

ఆఖరి గంటలో నాజిలు విప్పాడు. డీజిలును పొగమంచులాగా చిమ్మే ముక్క అది, దాని రంధ్రాల్లో సూది కూడా దూరదు. అలవాటు ప్రకారం పళ్ళెంలో ముంచి ఆడించాడు. డీజిలులో ఒక ఆకుపచ్చ దారం తేలింది. అరంగుళం ఉంటుంది. దాని వెనకే ఇంకొకటి, ఎర్రది. వారం రోజులుగా తుడిచిన ప్రతివాడూ వేస్టుతో శుభ్రం చేసి, శుభ్రం చేసి, లుంగీ పోగులు లోపలికి కుక్కి డీజిలు దారి మూశాడన్నమాట. జయరాములు ఆ రెంటినీ పుల్లతో తీసి దూరంగా పారేశాడు. ఎవరి ముక్కు తుడిచినవో ఏమో. నాజిలును తడిగానే బిగించి, పైపులో గాలి తీసి, హ్యాండిలు తిప్పాడు. నాలుగో చుట్టుకు ఇంజను దగ్గి, ఉమ్మి, డుబ్ డుబ్ మని లేచింది. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

ఈనాడు ఆ చుట్టుపక్కల బోర్లు వేసే ఏ బండి డీజిలు పంపు మొరాయించినా గుడియాత్తంలో జయరాములు దగ్గరికే తెస్తారు. చేతులు కడుక్కోనివాణ్ణి అతను గడప దాటనివ్వడు. ఇంటికి పోతే కంచం ఇప్పటికీ వసారాలోనే, కాకపోతే ఇప్పుడది అతనే అక్కడ పెట్టించుకుంటాడు.

ఆ రోజు పరీక్షాధికారి నాజిలు పనికి నిండా మార్కులు వేశాడు. తక్కెడ తప్పడానికి అవి చాలాయి. కలం మూసి జేబులో పెట్టుకుంటూ మాత్రం, ఇంజను నడిపించమని మూడు గంటలిస్తే రెండు గంటలు దాన్ని తోమడానికే పెట్టినావేమయ్యా అని విసుక్కున్నాడు.

"తోమినాకనే సార్, లోపల ఇంజను ఉండాదని తెలిసింది," అన్నాడు జయరాములు.