మంచం కింద ఫైనల్

మా బావకు మిగిలింది ఒక్క కన్ను. ఎడమదాన్ని షుగరు ఏనాడో మింగేసింది. ఆ ఉన్న ఒక్క కుడికన్నూ ఇన్నేళ్లు నమ్మకంగా కొలువు చేసి, సరిగ్గా ఫుట్‌బాల్ ప్రపంచకప్పు సెమీఫైనళ్ల ముందు లోపలి పొర ఊడదీసుకుని కూర్చుంది. ఇంత సమయం చూసి దెబ్బకొట్టే అవయవాన్ని నేనెక్కడా చూడలేదు.

హన్మకొండలో డాక్టరు ఆపరేషన్ చేసి, ఊడిన పొరను అదిమి పట్టడానికి కంట్లో గ్యాసు నింపాడు. గ్యాసు పైకి తేలేది కనుక మనిషి నేల చూస్తూ ఉంటేనే అది వెనక పొరను నొక్కుతుందట. అందుకని రాత్రీ పగలూ బోర్లా పడుకోవాలి. అన్నం తినేటప్పుడూ తల వంచే ఉండాలి. "తల ఎత్తితే గ్యాసు జరుగుతుంది, గ్యాసు జరిగితే పొర ఊడుతుంది. మళ్లీ ఊడితే ఇక నేను చేయగలిగింది లేదు" అని చెప్పి ఆయన చేతులు కడుక్కున్నాడు. మా అక్క ఆ చేతులు కడుక్కోవడాన్ని చూసి అక్కడే కూలబడింది.

బావ వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. పెళ్లిళ్లలో వందమందిని కూర్చోబెట్టే ఆ లావు చారల తివాచీలే. చార పక్కన ఏ చార పడాలో ఆయన కన్ను చెబుతుంది, చెయ్యి వింటుంది. ఆ కన్నే పోతే మగ్గం పోయినట్టు, ఇల్లు పోయినట్టు. మగ్గంతో పాటు ఇంకొకటి కూడా పోతుంది, దాన్ని అక్క లెక్కలోకి తీసుకోదు. లేతనీలం, తెలుపు నిలువు చారల చొక్కాలు వేసుకుని ఆడే జట్టు ఒకటుంది కదా, బావ ముప్పై ఏళ్లుగా దాని భక్తుడు. కారణం అడిగితే ఒకటే మాట: "దునియాల జంపఖానా ఒంటి మీదేస్కొని ఆడేటోళ్లు గాళ్లొక్కల్లే."

గోలు పడితే బావ కూర్చున్నచోట ఉండడు. పోయిన ప్రపంచకప్పులో ఒక గోలుకు ఆయన ఎగిరిన ఎగురుడుకు సీలింగు ఫ్యాను ఆగిపోయింది. నమ్మకపోతే వచ్చి చూడండి, రెక్క ఇప్పటికీ వంకరగానే ఉంది. అలాంటి మనిషి ఇప్పుడు తల కదపకుండా సెమీఫైనళ్లు దాటాలి. మా అందరి గుండెల్లో రాయి పడింది అందుకే.

బోర్లా పడుకున్నవాడికి ముక్కుతో ఊపిరి ఆడాలి కదా. ఇంట్లో నవారు మంచం ఉంది. తలవైపు పట్టీలు కొన్ని విప్పి, కొన్ని పక్కకు జరిపి, ముఖం పట్టేంత సందు చేశాం. నేతగాళ్ల వాడలో మంచం విప్పుతున్నారని తెలిస్తే ఊరుకుంటారా, వాడంతా వచ్చి తలా ఒక సలహా నేసింది. అంతా బిగించి బావను పడుకోబెట్టాక అక్క గుమ్మంలోంచి కేక పెట్టింది.

"ఉత్తరం దిక్కు తలకాయ పెట్టిండ్రు గదరా! బతికున్నోన్ని ఎవడన్న గట్ల పండవెడ్తడా?"

నేతలో అంత ఆరితేరినవాళ్లం, దిక్కు చూసుకోలేదు. సందు ఒకవైపే ఉంది, మళ్లీ అల్లడానికి ఎవరికీ ఓపిక లేదు. మంచాన్నే తిప్పాం. తిప్పితే అది అడ్డంగా వచ్చి గుమ్మాన్ని మూసేసింది. అప్పటి నుంచి ఆ గదిలోకి పోవాలంటే మంచం కింద నుంచి పాకడం ఒక్కటే దారి. అన్నం గిన్నె పాకింది, చుక్కల మందు పాకింది, చూడవచ్చిన వియ్యంకుడు సిల్కు లాల్చీతో పాకాడు. కింద ఎవరు పాకుతున్నా బావ తలనూనె వాసన బట్టి పేరు పెట్టి పిలిచేవాడు.

రోజూ పాకేవాళ్లం ముగ్గురం. ఒకాయన పీఈటీ సారు. బడి నుంచి రిటైరయినా మెడలో విజిల్ రిటైర్ కాలేదు. రెండోవాడు బట్టల దుకాణం సేటు. ఈయనది ముదురు నీలం చొక్కాల జట్టు. "పోయినసారి గెలిచిన సరుకు, గ్యారంటీ ఉంటది" అంటాడు. మూడోవాణ్ని నేను. ఇన్సూరెన్స్ ఏజెంటును. రాని ఆపదను వచ్చినట్టు చూపించడమే నాకు అన్నం పెట్టే విద్య.

సెమీఫైనల్ అర్ధరాత్రి ఇళ్లలో చూసి, పొద్దున్నే వచ్చి మంచం కింద చేరాం. అక్క గుమ్మం అవతల నిలబడి షరతు పెట్టింది: "మ్యాచ్ ముచ్చట చెప్పుండ్రి, కాదన. గని సచ్చినింట్ల మాట్లాడినట్టు చెప్పాలె. ఆయన జర ఎగిరిండంటే మీ ముగ్గురి కండ్లు పీకి ఆయనకు పెడ్త."

సారు గొంతు సవరించుకుని సంతాపసభలో తీర్మానం చదివినట్టు మొదలుపెట్టాడు. "చారల జట్టు గెలిచింది. మొదటి గోలు పెనాల్టీ. రెండో గోలుకు ఒకడు సగం గ్రౌండు ఉరికిండు. అంతే."

"అంతేనా సారూ?" మంచం మీద నుంచి బావ గొంతు ఏడుపులా ఉంది. "సగం గ్రౌండు ఎట్ల ఉరికిండు?"

"కాళ్లతోటి."

నేను తట్టుకోలేకపోయాను. "బావా, వాడు ఉరుకుతాంటే గడ్డి పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది. ఒకడు అడ్డమొచ్చిండు, వాని రెండు కాళ్ల నడుమకెల్లి బాల్ పోయింది, బాల్ ఎనక వీడు గూడ పోయిండు. ఆఖరికి తంతే అది వేయిస్తంభాల గుడి ఎత్తు లేసి, ఆడ జరసేపు ఆగి, కింద ఓరుగల్లు మొత్తం చూసి, అప్పుడు దిగింది గోల్ల."

"అబద్ధం," అన్నాడు సారు. "మోకాలెత్తు లేవలే."

"సారూ, నువ్వు ఊకో. నువ్వు చెప్తె స్కోరు తెలుస్తది. మా బామ్మర్ది చెప్తె మ్యాచ్ కనవడ్తది."

ఆ మాట అంటూ బావ తల సందులోంచి లేచింది. బెత్తెడు లేచిందో లేదో, అక్క మంచం మీదుగా వంగి అరచేత్తో ఆ తలను కిందికి అదిమింది. తర్వాత అక్క ఏడుస్తూ కూర్చుంది. ఆ రోజంతా బావ కంట్లో చుక్కలు వేసినప్పుడల్లా "ఏమన్న కనవడ్తాందా?" అని అడగడం, ఆయన "పాలు కలిపిన నీళ్లే" అనడం. ముందు రోజూ పాలే, ఆ రోజూ పాలే. గ్యాసు ఉన్నంతకాలం దూరంవి కనిపించవనీ, పొర అతుక్కుంటే మాత్రం ముక్కు దగ్గర పెట్టుకున్నది కనిపించాలనీ డాక్టరు చెప్పాడు. ముక్కు దగ్గర ఎన్ని పెట్టినా పాలే. నాకు ఆ గదిలో మాట్లాడే హక్కు రద్దయింది.

ఫైనల్ ఆదివారం. చారల జట్టుకూ సేటు జట్టుకూ. మర్నాడు పొద్దున దవాఖానకు పోవాలి. మధ్యాహ్నం బావ మమ్మల్ని పిలిపించాడు.

"బామ్మర్దీ, నీ మాటల్ల ఎంత కనవడ్డా అది నీ కన్నే గద. ఫైనల్ నా కన్నుతోటి చూస్త. రేపు డాక్టర్ చూసినంక ఫోన్ల పెట్టుండ్రి. అప్పటిదాంక ఎవ్వలు గెలిచింది నాకు చెప్పొద్దు."

"కనవడకపోతే?" అన్నాడు సేటు. వ్యాపారస్తుడు, అడగకూడనిదే ముందు అడుగుతాడు.

బావ జవాబు నేలకు చెప్పాడు. "కనవడకపోతే ఇగ ఎన్నడు చెప్పొద్దు. నేను సచ్చేదాంక చెప్పొద్దు. కాటికాడ గూడ చెప్పొద్దు."

ఆ రాత్రి సేటు దుకాణం మేడమీద మ్యాచ్ చూశాం. నేను పుట్టాక అలాంటి ఆట చూడలేదు, నేను పోయాక కూడా ఆడరు. పెనాల్టీ కిక్కుల దాకా పోయింది. ఎవరు గెలిచారో ఇప్పుడే చెప్పను. బావకు తెలియనిది మీకు ముందు తెలియడం న్యాయం కాదు. వాడలో పటాకులు మాత్రం పేలాయి. ఎవరు గెలిచినా పేల్చడానికే కొన్న పటాకులవి. అక్క ఖాళీ మిక్సీ తిప్పి వాటిని ముంచాలని చూసిందట. "ఏం సప్పుడే?" అని బావ అడిగితే "బరాత్" అందట. మూఢంలో ఎవరి పెళ్లి అని ఆయన అడగలేదు. అడగకపోవడానికే నాకు భయం వేసింది.

సోమవారం పొద్దున ఆటోలో బావను మా ముగ్గురి ఒళ్లలో బోర్లా పడుకోబెట్టుకుని బయలుదేరాం. తల సారు ఒళ్లో, కాళ్లు ఆటో బయట. అక్క డ్రైవరు పక్కన. పోచమ్మమైదానం దాటామో లేదో డ్రైవరు అద్దంలో చూసి హుషారుగా మొదలుపెట్టాడు.

"రాత్రి ఫైనల్ చూసిండ్రా సార్? అబ్బబ్బ, ఆఖరికి..."

సారు విజిల్ ఊదాడు. ఆటోలో విజిల్ అంటే మామూలు కాదు. ఎంజీఎం చౌరస్తాలో ట్రాఫిక్ అంతా ఆగిపోయింది, ఒక కానిస్టేబుల్ మాకు సెల్యూట్ కొట్టాడు. దారి పొడుగునా డ్రైవరు నోరు తెరిచినప్పుడల్లా విజిల్ మోగింది.

"సేటు సప్పుడు చేస్తలేడేంది?" అన్నాడు బావ కింద నుంచి. "ఓడిండా, గెలిచిండా?"

"పన్ను నొస్తాంది," అన్నాడు సేటు. అంత చక్కటి అబద్ధం ఆయన దుకాణంలో కూడా చెప్పి ఉండడు.

దవాఖానలో కంటిపాప పెద్దదయ్యే మందు వేసి, డాక్టరు లైటు పెట్టి లోపలికి తొంగి చూశాడు. పొర అతుక్కున్నట్టే ఉందన్నాడు. అక్క చేతులు జోడించింది. "కానీ అతుక్కోవడం వేరు, చూపు వేరు. అది కన్నే చెప్పాలి" అని, బావ ముఖానికి కొంచెం దూరంలో చెయ్యి పెట్టి, "ఏం కనబడుతోంది?" అన్నాడు.

బావ చాలాసేపు చూశాడు. అలా ఒక మనిషి తన బతుకంతా పోగేసి చూడడం నేను చూడలేదు. "మూడు వేళ్లు," అన్నాడు.

డాక్టరు చేతిలో ఉన్నది పెన్ను.

తిరుగు ప్రయాణంలో విజిల్ మోగలేదు. డ్రైవరు కూడా అద్దంలో మా ముఖాలు చూసి నోరు తెరవలేదు. ఇంటికొచ్చి, బావ మంచం ఎక్కి, సందులో ముఖం పెట్టి, "ఫోన్లు జేబుల పెట్టుకోండ్రి" అన్నాడు. అంతే. మధ్యాహ్నం అన్నం వద్దన్నాడు. మేం మంచం కింద ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ పడుకుని, పీనుగ దగ్గర జాగారం చేస్తున్నట్టు ఉన్నాం. సారు రుమాలు తీశాడు. సేటు పన్ను నిజంగానే నొప్పి పుట్టినట్టు దవడ పట్టుకున్నాడు. రేపటి నుంచి మగ్గం మీద చారలు ఎవరు చెబుతారని ఆలోచిస్తూ నేను పైనున్న నవారు పట్టీలు లెక్కపెట్టాను.

పొద్దు వాలుతుండగా అక్క పాక్కుంటూ వచ్చింది. చంకలో మడతపెట్టిన జంపఖానా, చేతిలో నా ఫోను. నా జేబులోంచి ఎప్పుడు తీసిందో తెలియదు.

"ఏమయ్యా, కన్ను నీదే, మొండితనం నీదే. గని సుక్కలేసేది నేను. డాక్టరు పెన్ను దూరం పెట్టిండు, పైంగ పొద్దుగాల ఏసిన మందుకు మొగులు మీది సూర్యుడు గూడ మసకనే కనవడ్తడు. ఇప్పుడు మందు దిగింది. చూడు."

"నాకొద్దు. కనవడకపోతే..."

"నాకు కావాలె."

జంపఖానా మడత నేలమీద వేసి, సరిగ్గా సందు కింద, దాని మీద ఫోను పెట్టింది. సారు ఆటను పెనాల్టీ కిక్కుల దగ్గరికి తెచ్చి, సౌండు తీసేశాడు. బావ ముఖం సందులోనే ఉంచాడు. అక్క నా వైపు తిరిగింది.

"చెప్పురా తమ్మీ."

"నేనా? నువ్వే నోరు మూసుకోమన్నవ్ గద."

"ఇప్పుడు తెరువు."

చెప్పాను. మొదటి కిక్కుకు గోలు స్తంభం ఏడ్చిందన్నాను. రెండో దానికి గోలు కాసే గోలీ గాల్లో ఉండగానే ఒక కునుకు తీశాడన్నాను. ఎంత పెంచి చెప్పినా ఆ మాటలు నేలమీద పడి చస్తున్నాయి. కిక్కు కిక్కుకూ అక్క ఇంకో జంపఖానా తెచ్చి ఫోను కింద పేర్చింది. ఎరుపుది, ఆకుపచ్చది, నీలం చారలది, అన్నీ ఆయన నేసినవే. ఫోను మెల్లగా ఆయన ముఖానికి ఎదురు లేస్తోంది. చివరికి ముక్కుకు నాలుగు వేళ్ల దూరం వచ్చింది. మేం పక్కనుంచి మెడలు సాచి చూస్తున్నాం.

చారల చొక్కావాడు బంతి పెట్టాడు. ఇది పడితే అయిపోయినట్టే. నాకు తెలుసు, సారుకు తెలుసు, సేటుకు మరీ బాగా తెలుసు. వాడు పరుగెత్తి తన్నాడు. నా వృత్తి ఊరుకోదు.

"బావా! అది గోలీ నెత్తి మీదికెల్లి, పైమూలకు తాకి, వల చింపుకొని, జనాల నడుమ..."

"అబద్ధం."

మంచం మీద నుంచి వచ్చిన ఆ మాట ఎంత చిన్నదంటే, నేనూ సేటూ మొదట సారు అన్నాడనుకున్నాం.

"అబద్ధం బామ్మర్దీ. నేల మీదికెల్లే పోయింది. గోలీ అటు దునికిండు, బాల్ ఇటు పోయింది. చారలోడు చొక్కా ఇప్పుతాండు."

బావ తల కదల్లేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన ఒక గోలుకు ఎగరలేదు. ఆయన చేతులు మాత్రం మంచం కోళ్లను పట్టుకుని వణుకుతున్నాయి, వాటితో పాటు మంచం, మంచంతో పాటు మేము. అక్క పైకి చెయ్యి చాపి, నవారు పట్టీల సందులోంచి ఆయన నుదుటిని రెండు వేళ్లతో ఆనించి పట్టుకుంది. ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకుని గుంజింది.

"ఇంకోటి చెప్పురా తమ్మీ," అంది. "ఇంకో అబద్ధం చెప్పు."