అంచు కలవని రోజులు

ఆ పొద్దున మగ్గం మీద ఉన్నది బెల్లం రంగు చీర. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరిన ప్రతిసారీ ఆ రెండు పోగులనూ మెలివేసి కలపాలి. చిన్నప్పటి నుంచి నేను చేస్తున్న పని అదే. మధ్యలో డిగ్రీ కూడా చదివాను. దానివల్ల మగ్గానికి నష్టమేమీ జరగలేదు.

పక్కన కూర్చుని అంచు నాడె అందించే నా భార్య మంగమ్మ చేయి ఆపింది.

"ఏందయ్యా, అంచొక దిక్కు, చీరొక దిక్కు నేస్తున్నవ్?"

జానెడు మేర మెలిక వేయనే లేదు. అంచుకూ చీరకూ నడుమ వేలు దూరేంత సందు.

"కొత్త మోడల్" అన్నాను. ఆమె నవ్వలేదు.

మా వీధిలో మగ్గం మనిషికి ఏం తప్పినా నేరం కళ్ళదే. అందుకని అద్దాలు పెట్టించుకున్నాను. తప్పులు ఆగలేదు గానీ, మునుపటికంటే స్పష్టంగా కనిపించసాగాయి. అలా చాలా నెలలు పోయాయి.

నాకు హెచ్.ఐ.వి. ఉందని అప్పటికి కొన్నేళ్ళుగా తెలుసు. సర్కారు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాను. మంగమ్మ టెస్టు నెగెటివ్. మా ఇంట్లో ఆ మధ్య విన్న మంచి వార్త అదొక్కటే. నెలనెలా పాలమూరు దవాఖానకు ఇద్దరం కలిసే పోయేవాళ్ళం. గద్వాల వాళ్ళెవరైనా చూస్తారని ఆమె గేటు బయటే కూర్చునేది. లోపల డాక్టరమ్మ "ఎలా ఉన్నారు?" అనేది. నేను "బాగున్న మేడం" అనేవాణ్ణి. రోగాన్ని తట్టుకునే సీడీ4 కణాలు పెరిగాయి, బరువు పెరిగింది. ఆమే నేనూ సంతోషించేవాళ్ళం.

ఒక నెల మందులు తీసుకుని నేరుగా బస్టాండుకు నడిచాను. గద్వాల బస్సెక్కాను. ఇంటికొచ్చి "మంగమ్మా, నీళ్ళు" అని పిలిచాను. పలకలేదు. రెండోసారి పిలిచినప్పుడు గానీ ఆమెను ఎక్కడ వదిలేశానో తలకెక్కలేదు.

దీపాలు పెట్టే వేళకు వచ్చింది. తిట్టలేదు. చెప్పులు విడుస్తూ, "సంచి మర్సిపోయినట్టు మర్సిపోయినవ్ గదయ్యా నన్ను" అన్నది.

మరుసటి నెల నెత్తిన కొంగు కప్పుకుని నాతోపాటు లోపలికి వచ్చింది.

"మేడం, ఈయన బాగున్న అంటడు. బాగలేడు. చీరల అంచు కలుస్తలేదు. పొయ్యిన నెల నన్నే ఈడ ఇడిసిపెట్టి పోయిండు."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. నాలుగు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నది. తర్వాత ఎడమచేతి వేళ్ళను వేగంగా కలిపి విడవమన్నది. నేతగాడికి ఇదీ ఒక పరీక్షేనా అనుకున్నాను. వేళ్ళు వినలేదు.

"ఇప్పుడు ఆ నాలుగు మాటలు చెప్పండి."

"పాలు," అన్నాను. ఆలోచించి, "మేడం" అన్నాను. ఆ రెండోది ఆమె చెప్పలేదట.

హైదరాబాదులో ఎంఆర్ఐ తీశారు. నడుములో సూది గుచ్చి నీరు తీశారు. మెదడులో టీబీ లేదు, ఫంగస్ లేదు. లేనివన్నీ అయిపోయాక డాక్టరమ్మ ఉన్నది చెప్పింది. "వైరస్ రక్తంలో తగ్గినా మెదడుకు దెబ్బ తగలొచ్చు. దానికి మీ వయసు, బీపీ, బీడీలు తోడయ్యాయి. దీన్ని హెచ్.ఐ.వి. డిమెన్షియా అంటాం, అంటే మతి మందగించడం. పోయింది తిరిగొస్తుందని మాటివ్వలేను. ఉన్నదాన్ని కాపాడుకుందాం."

తలకు మేలని మందు మార్చి జిడోవుడిన్ ఇచ్చారు. దాంతో హిమోగ్లోబిన్ పడిపోయింది. రక్తం ఎక్కించి మళ్ళీ పాత మందే ఇచ్చారు. బీడీ మానాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున్నే మా ఊరి కోట చుట్టూ నడుస్తున్నాను. రోజూ నలుగురితో మాట్లాడితే తలకు మంచిదని డాక్టరమ్మ అన్నది. ఈ జబ్బున్నవాడితో మాట్లాడే ఆ నలుగురినీ మందుల చీటీలోనే రాసిస్తే సులువుగా ఉండేది.

ఇప్పుడు మగ్గం మీద నా చోట మంగమ్మ కూర్చుంటోంది. పక్కన కూర్చుని నాడె అందించేది నేను. "ఎయ్" అంటే వేస్తాను, "ఆగు" అంటే ఆగుతాను. కొన్ని పొద్దులు అలవాటు కొద్దీ పోయి నా పాత చోట కూర్చుంటాను. ఆమె లేపదు. నిలబడి చూస్తుంటుంది. చేతులు పడుగు పోగుల మీద పెట్టి, తర్వాత ఏం చేయాలో తోచక, నేనే లేస్తాను.

మీలో ఈ మాత్రలు వేసుకుంటూ వయసు మీద పడుతున్నవాళ్ళకు చెప్పదలచింది ఒక్కటే. డాక్టరు దగ్గరికి మీతో ఒకే ఇంటికప్పు కింద ఉండే మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళండి. మీరు కాసేపు నోరు మూసుకుని వాళ్ళను చెప్పనివ్వండి. ఏం మర్చిపోతున్నామో మనకు తెలియదు, వాళ్ళకు తెలుస్తుంది.

మంగమ్మ ఇంకో ఏడాది ముందు లోపలికి వచ్చి ఉంటే నాకు ఎంత మిగిలేదో డాక్టరమ్మను అడగలేదు. మర్చిపోయి కాదు.