మ్యాచ్ చూద్దామని వెళితే పెళ్లి క్యాసెట్ పెట్టారు

మా చిన్నప్పుడు... అని ఇక్కడ అందరూ రాస్తుంటే నా చెయ్యి కూడా ఊరుకోవడం లేదు. నాది మాత్రం మా అమ్మాయి చిన్నప్పటి ముచ్చట. అమెరికా వచ్చిన కొత్తలో నేనూ దానితోపాటే అన్నీ నేర్చుకున్నాను కాబట్టి, అదీ నా చిన్నతనమే అనుకోండి...

మా శిరీషకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఒకరోజు స్కూల్ నుంచి వచ్చి, బ్యాగ్ అక్కడ పడేసి, సోఫాలో మొహం దాచుకుంది. ఆదివారం మా ఊరి ఫుట్‌బాల్ టీమ్‌కి ఆ సీజన్‌లో ఆఖరి మ్యాచ్, అదేనండీ బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్... గెలిస్తే ముందుకి, లేకపోతే ఇంటికి. ఆ మ్యాచ్ మా ఊళ్లో టీవీలో వెయ్యరట!

అప్పట్లో అదొక రూలు. స్టేడియంలో టికెట్లన్నీ అమ్ముడుపోకపోతే, ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా టీవీలో మ్యాచ్ ఆపేసేవారు. బ్లాకౌట్ అనేవారు. నేను గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోల్ బంకు కౌంటర్‌లో పని చేసేవాణ్ణి. ముగ్గురం స్టేడియంకి వెళ్లాలంటే ఆ నెల ఇంట్లో పొయ్యి వెలగదు... టికెట్ కొనలేకపోవడం ఒక శిక్ష, కొననందుకు టీవీ ఆపేయడం ఇంకో శిక్ష!

మా స్టేషన్‌కి వచ్చే ఒక పెద్దాయన ఉపాయం చెప్పాడు. రెండు గంటలు డ్రైవ్ చేసి ఆ బ్లాకౌట్ సరిహద్దు దాటితే అక్కడి టీవీల్లో శుభ్రంగా వస్తుందట. ఆయన మోటెల్‌లో రూమ్ తీసుకుని మరీ చూసేవాడు. మనకి మోటెల్ ఎందుకండీ... అటువైపు మూర్తిగారు ఉండగా!

మూర్తిగారి భార్య, మా ఆవిడ ఇండియాలో ఉండగా ఒకే హాస్పిటల్‌లో నర్సులు. మా ఆవిడ ఫోన్ చేసింది గానీ, టీవీ కోసం వస్తున్నామని చెప్పడానికి మొహమాటపడి, ఊరికే చూసిపోదామని వస్తున్నాం అంది. అక్కడే వచ్చింది చిక్కు...

ఆదివారం పులిహోర డబ్బా పట్టుకుని వెళ్లాం. శిరీష టీమ్ జెర్సీ మీద స్వెటర్ వేసుకుంది. వాళ్లు ఎంత ఆప్యాయంగా వడ్డించారో! వద్దంటే ఇంకో గరిటె. సరిగ్గా మ్యాచ్ మొదలయ్యే వేళకి మూర్తిగారు చెయ్యి తుడుచుకుంటూ టీవీ దగ్గరికి నడిచారు. హమ్మయ్య అనుకున్నాను. ఆయన క్యాసెట్ పెట్టారు.

మూర్తిగారి అమ్మగారు, మా శిరీషకి మామ్మగారు, తెనాలి నుంచి ఆ మధ్యే వచ్చారు. చిన్నకొడుకు పెళ్లి క్యాసెట్ తెచ్చారు. సెలవు దొరక్క మూర్తిగారు తమ్ముడి పెళ్లికి వెళ్లలేకపోయారు పాపం... అలాంటి మనిషితో, ఆపండి, మా అమ్మాయి బంతాట చూడాలి అని ఏ నోటితో అంటాం?

పెళ్లికొడుకు ఇంకా పీటల మీదికి రాలేదు. ముందు చుట్టాలు... ఒక్కొక్కరూ కెమెరా ముందుకి రావడం, మామ్మగారు వాళ్ల వంశం మొత్తం చెప్పడం. మా ఆవిడ నన్ను చూస్తోంది, నేను ఫ్యాన్‌ని చూస్తున్నాను. శిరీష మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా గోడ గడియారం చూస్తోంది. కాసేపటికి నా బంగారానికి కళ్లు నిండిపోయాయి.

మామ్మగారి కంట పడనే పడింది.

"ఏమే పిల్లా, మావాడి పెళ్లికి నువ్వెందుకే ఏడుస్తున్నావు?"

"మా టీమ్ ఆడుతోంది మామ్మగారూ... బట్ ఇట్స్ ఓకే. పెళ్లి బాగుంది."

ఇక నేను సంగతంతా చెప్పక తప్పలేదు. "ఆ ముక్క ఫోన్‌లోనే చెప్పొద్దుటండీ అన్నయ్యగారూ" అని మూర్తిగారి భార్య నొచ్చుకున్నారు. మూర్తిగారు రిమోట్ కోసం వెతుకుతున్నారు. మామ్మగారు మాత్రం తేల్చేశారు.

"ఆపరా దాన్ని. వాడి పెళ్లి అయిపోయింది. ఈ పిల్ల ఆట ఇంకా అవలేదు."

అప్పటికి సగం ఆట అయిపోయింది. అయితేనేం! మామ్మగారు శిరీషని పక్కన కూర్చోబెట్టుకుని, మనవాళ్లు ఏ రంగు చొక్కా అని అడిగి తెలుసుకున్నారు. అంతే, ఇక ఆ రంగు చొక్కావాడు కింద పడితే చాలు, లే నాయనా లే అంటూ ఆవిడ సోఫా అంచుకి జరిగిపోవడమే! అంతమంది ఒక్కడి మీద పడటం ఏం న్యాయమని మూర్తిగారిని నిలదీశారు కూడా. ఆఖరి నిమిషంలో మావాళ్లు గెలిచారు... శిరీష ఎగిరి ఆవిడ మెడ పట్టుకుంది. ఆ తర్వాత మళ్లీ క్యాసెట్ పెట్టించి, అప్పగింతల దాకా పెళ్లంతా చూసింది. అదీ ఇష్టంగా!

ఇప్పుడా రూలు లేదు. మొన్న మా పాత ఊరి టీమ్ మేం ఇప్పుడుంటున్న వైపు ఆడటానికి వస్తే, జెర్సీ సిటీలో ఉంటున్న మా శిరీష నన్ను స్టేడియంకి తీసుకెళ్లింది. డెబ్బై దాటాక మొదటిసారి చూశానండీ ఆ పచ్చటి మైదానం! టికెట్ ఎంతమ్మా అంటే, "ప్రైస్ అడగొద్దు నాన్నా, నాతో కూర్చో, అంతే" అంది. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి... అరిచి అరిచి ఇంకా గొంతు రావడం లేదు, సంతోషం మాత్రం పొంగిపోతోంది.

ఒకటే అనిపించింది... అంత జనంలో కూర్చున్నా, పక్క సీటాయన పేరు కూడా తెలియకుండానే ఇంటికి వచ్చేశాం. ఇప్పుడు ఏ మ్యాచ్ అయినా ఎవరి ఫోన్‌లో వాళ్లకి వస్తుంది. ఆట కోసం ఒకరి గుమ్మం తొక్కే పని లేదు, మన గుమ్మం తొక్కేవాళ్లూ లేరు...

మీరు చిన్నప్పుడు టీవీ చూడటానికి ఎవరింటికి వెళ్లేవారు? వాళ్ల పేర్లు గుర్తుంటే కింద రాయండి... ఒక్కసారి అందరినీ తలుచుకుందాం.