రెండో గేజ్ చెప్పిన మాట

తొమ్మిదేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కాస్త తేలిక. అలసిపోయాను, అంతే. పశ్చాత్తాపం లాంటి పెద్ద మాట వాడే ఓపిక కూడా లేదు.

సూరత్ పక్కన హజీరాలో ఒక గ్యాస్ కంపెనీలో ఇంజనీరుని. సముద్రం అడుగున ఎంత గ్యాస్ ఉందో అంచనా కట్టడం నా పని. కొత్త క్షేత్రానికి మొదటి అంచనా నాదే. పెద్ద అంకె. రాష్ట్రానికి ఏటా ఎంత ఆదాయం వస్తుందో దాని మీదే లెక్క కట్టారు, పేపర్లోనూ వేశారు. ఆ వార్త జగిత్యాలలో ఉన్న మా అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను కూడా.

మరుసటి ఏడు రెండో బావిని పరీక్షించాం. కొన్నాళ్లు గ్యాస్ వదిలి, బావి మూసి, లోపలి ఒత్తిడి మళ్లీ పాత స్థాయికి వస్తుందా అని చూస్తాం. రాకపోతే అడుగున ఉన్నది తక్కువని అర్థం. రాలేదు. ఒత్తిడి కొలిచే గేజ్ ఒకటి చెడిపోయినా ఇబ్బంది లేకుండా ఎప్పుడూ రెండు దింపుతాం. రెండూ ఒకటే చెప్పాయి. మొదటిది చెడిపోయిందని రాశాను. రెండోదాని ఊసే నివేదికలో ఎత్తలేదు.

ఎవరైనా బలవంతపెట్టారా? లేదు. పై అధికారి నేను రాసింది నమ్మి సంతకం పెట్టాడు. మరి ఎందుకు? నా అంకె తప్పని నేనే చెప్పుకోవాల్సి వస్తుందని. ఇంకేదైనా గౌరవంగా కనిపించే కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్లూ వెతికాను గానీ, తిరిగి తిరిగి ఆ పరువు దగ్గరికే వచ్చి ఆగుతున్నాను.

మల్లేశం సూరత్‌లోని బమ్రోలిలో మరమగ్గం నడిపేవాడు. సిరిసిల్ల మనిషి. బతుకమ్మకు తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుందో సూరత్‌లో మాకు తెలిసినవాళ్లలో అతనికే తెలుసు. అలా పరిచయం. మా గ్యాస్‌ను నమ్ముకొని సూరత్ దగ్గరి కిమ్‌ అనే ఊళ్లో బట్టలకు రంగులద్దే మిల్లు కడుతున్నారనీ, అందులో పర్మినెంటు పని ఇస్తామన్నారనీ చెప్పి, పద్నాలుగేళ్ల మగ్గాన్ని విడవమంటారా అని నన్నడిగాడు. గ్యాస్ నిజంగా ఉందా అనీ అడిగాడు. ఉందన్నాను. వెళ్లమన్నాను. నివేదికను సరిదిద్దే వీలు అప్పటికింకా ఉంది.

గ్యాస్ రెండేళ్లు వచ్చింది. తర్వాత బావుల్లోంచి నీళ్లే వచ్చాయి. రాష్ట్రానికి రావాల్సిన ఆదాయం కాగితం మీదే ఉండిపోయింది, మిల్లు మూతపడింది. మల్లేశం పాత మగ్గాల సేటు దగ్గరికి పోతే తన మగ్గం మీద వేరే మనిషి ఉన్నాడట. పెళ్లాం పిల్లల్ని ఊరికి పంపి, సూరత్‌లోనే కోసాడ్‌ వైపు వాచ్‌మన్‌గా కుదిరాడు.

నిజం చెప్పేద్దామనే అతని దగ్గరికి వెళ్లాను. కుర్చీ నాకిచ్చి తను మెట్టు మీద కూర్చున్నాడు.

"నా మాట పట్టుకొని పోయినవు, మల్లేశం," అన్నాను.

"గట్ల అనకుండ్రి సార్. సముద్రం లోపటి ముచ్చట ఎవ్వలకెరుక? మీకైనా ఏమెరుక?"

నాకూ తెలియదన్నట్టు తల ఊపాను. చాయ్ తెప్పించాడు, తాగాను. గేజ్ సంగతి దాచాక కూడా ఎప్పుడైనా కాసేపు నిద్ర పట్టేది. అలా తల ఊపాక అదీ పట్టడం లేదు.

పండుగకు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. నా బీపీ ఎట్లుందో అడుగుతాడు. ఇది అతనికి చదివి వినిపిస్తానా? ఏమో. క్షమిస్తాడేమోనని కూడా భయంగా ఉంది. ఇప్పటికి ఇక్కడ రాయగలిగాను, కాస్త ఊపిరాడుతోంది: నాకెరుక, మల్లేశం. నువ్వు అడిగిన రోజునే ఎరుక.