వెంగమ్మ బిగించిన చుక్కాని

ఆత్మకూరు దగ్గర పెద్దచెరువు కట్ట కింద ఉండే యానాదుల గుడిసెల్లో వెంగమ్మది పెద్ద నోరని పేరు. చేపలబుట్ట నెత్తిన పెట్టుకొని ఆమె ఊళ్లోకి వస్తే, గీచి గీచి బేరమాడే ఇల్లాళ్లు కూడా ఒక మెట్టు తగ్గేవాళ్లు. మొగుడు పోలేరయ్య అట్లా కాదు. నాలుగు మాటలడిగితే ఒకటికి బదులిచ్చేవాడు. ఆ ఒక్కటీ నీళ్ల గురించో, గాలి గురించో అయ్యుండేది.

అందుకే ఊళ్లో మోతుబరి పెంచలరెడ్డి తన పడవను అతనికి అప్పజెప్పాడు. తెల్లదొరలు సామాన్లు అమ్ముకొని ఓడలెక్కుతున్న రోజుల్లో, రెడ్డి మద్రాసులో ఒక దొర దగ్గర షికారు పడవ కొని లారీ మీద చెరువుకు తెచ్చాడు. తెల్లటి తెరచాప, అద్దంలా మెరిసే కొయ్య. చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చాయి. దాన్ని నడపడం ఎవరికీ తెలియదు. పోలేరయ్య ఒక వానాకాలం దాంతో కుస్తీపట్టి, గాలి ఎటు తిరిగితే తెర ఎటు తిప్పాలో తనంతట తనే నేర్చుకున్నాడు. ఆ పడవలో కూర్చున్నప్పుడే మొగుడి మొహంలో నవ్వు చూసేది వెంగమ్మ.

నాలుగైదేళ్లకు చుక్కాని చెడింది. పడవ వెనకభాగంలో అడుగు గుండా ఒక ఇనుప కడ్డీ దిగి ఉండేది. దాని కొసనే చుక్కాని. ఆ కడ్డీ పైనొకటి, కిందొకటి, రెండు ఇత్తడి బుష్షుల్లో తిరిగేది, బండిచక్రంలో ఇరుసు మాదిరి. చెరువు ఒండ్రు చేరి బుష్షులు అరిగాయి. పడవలో కూర్చొని కడ్డీ పైనున్న పిడి పట్టుకుంటే చాలు, కింద లొడలొడమని కొట్టుకునేది.

పెంచలరెడ్డి మద్రాసుకు బయల్దేరుతున్నాడు. ఆ పొద్దు వెంగమ్మ చేపలు ఇవ్వడానికి మొగుడి వెంట రెడ్డి ఇంటికి పోయింది. గుమాస్తా చెంచురామయ్య అరుగు మీదే ఉన్నాడు.

"బుష్షులు అరిగిపోయినాయి సామీ. గాలి గట్టిగా కొడితే చుక్కాని మాట వినేటట్టు లేదు," అన్నాడు పోలేరయ్య.

"అయితే ఇప్పి కంచరి ఓబులయ్య కాడికి తీసకపోరా. పాతవి చూస్తే అట్టాంటివే పోసిస్తాడు. నేనొచ్చేతలికి పడవ సిద్ధంగా ఉండాల. మావాళ్లు షికారుకొస్తా ఉండారు," అని కారెక్కాడు రెడ్డి.

మొగుడూ పెళ్లామూ పడవను ఒడ్డుకు లాగి, చుక్కాని కిందికి జారేటట్టు దాని కింద గుంట తవ్వారు. వెంగమ్మ గుంటలో నిలబడి చుక్కాని బరువు భుజాన కాసింది. పోలేరయ్య కొయ్యసుత్తితో తట్టి తట్టి బుష్షులు ఊడదీశాడు. ఒకవైపు కాగితంలా పలచబడి ఉన్నాయవి. తలగుడ్డలో మూటగట్టుకొని ఆత్మకూరు పోయాడు.

యానాదులంటే పుట్టుదొంగలేనని, వాళ్లు పోలీసు స్టేషనుకు పోయి హాజరు వేయించుకోవాలనే చట్టం అప్పటికే పోయింది. చట్టం పోయినంత తేలిగ్గా స్టేషను బుద్ధి పోలేదు. ఓబులయ్య అంగడి ముందు మూట విప్పుతుండగానే ఒక జవాను వచ్చి పోలేరయ్య మెడమీద చెయ్యేశాడు.

"ఇత్తడి యాడిదిరా?"

"రెడ్డిగారి పడవది సామీ. ఈయన్ని అడగండి."

ఓబులయ్య ఏళ్ల తరబడి వెంగమ్మ దగ్గర చేపలు కొన్నవాడు. పోలేరయ్యను పేరు పెట్టి పిలిచేవాడు. దొంగసొత్తు కొంటున్నాడని తన మీదికి వస్తుందని భయపడ్డాడేమో, కొలిమి వైపు తిరిగి, "వీడెవుడో నాకు తెలవదయ్యా. అమ్ముకుందామని వచ్చినట్టుండాది," అన్నాడు.

మొగుణ్ని స్టేషనులో పెట్టారని తెలిసి వెంగమ్మ చెంచురామయ్య దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, రెడ్డిగారు చెప్తా ఉంటే నువ్వాడే ఉండావు గదా. వచ్చి ఆ ఒక్క మాట చెప్పయ్యా."

చెంచురామయ్య వక్క నములుతూ, "నాతో చెప్పినాడా ఏంది? నీ మొగుడితో చెప్పినాడు. రేపు యాదన్నా అయితే నా మెడకు చుట్టుకుంటాది. ఆయన్ని రానీ," అన్నాడు.

"ఆయనొచ్చేదాకా మా వోడు ఉంటాడా?"

"పోలీసోళ్లు చంపరులే," అని లోపలికి పోయాడు.

వెంగమ్మ స్టేషను ముందు చింతచెట్టు కింద కూర్చుంది. మొదటి రోజు లోపలనుంచి మొగుడి అరుపులు వినబడ్డాయి. అంత గట్టిగా అతను అరవగలడని ఆమెకు తెలియదు. తర్వాత అరుపులు ఆగిపోయాయి. అవి ఆగినప్పుడే ఎక్కువ భయపడింది. తెచ్చిన సంగటి రోజూ ఎండిపోయేది. ఆమె నోరు ఆ గేటు దగ్గర ఎందుకూ పనికిరాలేదు.

రెండు వారాలు దాటాక పెంచలరెడ్డి కారు వచ్చింది. వెంగమ్మ ఎదురు పోయి నిలబడింది. కారు దిగుతూనే ఆయన అడిగిన మాట: "బుష్షులు వచ్చినాయా?"

ఆమె చెప్పింది. రెడ్డి మొహం చిన్నబోయింది. చెంచురామయ్యను నాలుగు తిట్టి, స్టేషనుకు మనిషిని పంపాడు. పొద్దు గుంకకముందే పోలేరయ్య బయటికి వచ్చాడు. ఒక్క కబురు. అంతే. అంత తేలిగ్గా అయిపోయే పని అది.

పోలేరయ్య కుడి మణికట్టు విరిగి ఉంది. నాటువైద్యుడు కట్టు కట్టాడు గాని, అప్పటికే ఎముక వంకరగా అతుక్కుంది. వేళ్లు ముడుచుకోవు. చెంబు పట్టుకుంటే జారిపోతుంది.

రెడ్డి స్వయంగా చెప్పేసరికి ఓబులయ్య కొత్త బుష్షులు పోసి పంపాడు. చుట్టాలొచ్చే లోపల బిగించాలని కబురొచ్చింది.

"వాళ్ల పడవ వాళ్లనే బిగించుకోమను," అంది వెంగమ్మ.

"ఇప్పింది నేను గదే. బిగించకపోతే నిజంగా నేనే తిన్నానంటారు."

అతను తన చేతివైపు చూసుకోవడం చూసి ఆమె లేచింది. గుంటలోకి దిగింది. అతను గట్టున కూర్చొని చెబుతుంటే ఆమె చేసింది. కింది బుష్షు బిగుతుగా ఉంది. సన్న ఇసుక, ఆముదం కలిపి దాంట్లో వేసి, కడ్డీ మీద తిప్పి తిప్పి అరగదీసింది. కడిగింది. చెక్క అడ్డం పెట్టి సుత్తితో తట్టి కూర్చోబెట్టింది.

"వంకర పోతా ఉండాది. ఎడమ పక్క తట్టు. ఇంకా. చాలు, చాలు."

చుక్కానిని భుజంతో పైకెత్తి కడ్డీని బుష్షుల్లోకి ఎక్కించింది. పిడి తిప్పితే చప్పుడే లేదు. వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది. ఆ క్షణం ఆమెకు సంతోషం కలిగింది. అట్లా కలిగినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

పెంచలరెడ్డి వచ్చి పిడి తిప్పి చూశాడు. "బాగా కుదిరినాయిరా," అని పోలేరయ్యకు కొత్త పంచె ఇచ్చాడు. మర్నాడు చుట్టాలను ఎక్కించుకొని పోలేరయ్య పిడి పట్టుకున్నాడు. చెరువు నడుమ గాలి తిరిగినప్పుడు వేళ్లు పట్టు తప్పాయి. పడవ ఒక పక్కకు ఒరిగి, ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ వారంలోనే పడవ నడపడానికి సముద్రం వైపునుంచి ఇంకొక మనిషి వచ్చాడు. తర్వాత చెంచురామయ్య వచ్చి గుడిసె ఖాళీ చెయ్యమన్నాడు.

"పోలీసులు వచ్చిపోయిన తావు. చుట్టాలు తిరిగే కట్ట. బాగుండదని రెడ్డిగారు అన్నారు."

రెడ్డి నిజంగా అన్నాడో లేదో వెంగమ్మ కనుక్కోలేదు. ఈసారి ఎవరినీ బతిమలాడలేదు.

చేజర్ల వైపు పెన్న గట్టుకు పోయారు. వల విసరడం వెంగమ్మ నేర్చుకుంది. పోలేరయ్య ఎడమచేత్తో చేపలు ఏరేవాడు. ఉన్న ఆ ఒక్క మాటా తగ్గిపోయింది. గాలి వీచినప్పుడు తలెత్తి చూసి మళ్లీ దించుకునేవాడు.

కొన్నేళ్లకు అనుమసముద్రంపేట దర్గాలో గంధం ఉత్సవానికి ఇద్దరూ పోయారు. వరసగా వేసిన అంగళ్లలో ఇత్తడి సామాన్ల వెనక ఓబులయ్య కూర్చొని ఉన్నాడు. వెంగమ్మ ఒక చెంబు చేతిలోకి తీసుకున్నాకే అతన్ని గుర్తుపట్టింది. అతను ముందే గుర్తుపట్టాడు. పోలేరయ్య చెయ్యి చూసి తల దించుకున్నాడు.

"తీసకపో వెంగమ్మా. ఏమీ ఇయ్యబళ్లేదు."

"తీసకపోతా. దోవలో జవాను ఆపి ఇది యాడిదని అడిగితే, నువ్వొచ్చి చెప్తావా?"

ఓబులయ్య పక్కనున్న గిన్నె అందుకొని తుడవసాగాడు. వెంగమ్మ చెంబు ఉన్నచోటే పెట్టి, మొగుడి రెక్క పట్టుకొని జనంలోకి నడిచింది. మంచి మాటే అన్నాననుకుంది. గుండె కాస్త చల్లబడినట్టూ అనిపించింది.

ఊరు దాటాక పోలేరయ్య నోరు విప్పాడు.

"తీసుకొని ఉంటే సరిపోయేదే. ఆ చెంబు అంచు వెడల్పుగా ఉండాది. నా చేతిలో నిలిచేది."

వెంగమ్మ దోవ పక్కన కూలబడింది. స్టేషను ముందు ఏడవని మనిషి, గుడిసె ఖాళీ చేసిన పొద్దు ఏడవని మనిషి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. పోలేరయ్యకు ఎందుకో అర్థం కాలేదు. ఎండలో ఆమె మీద నీడ పడేటట్టు పక్కకు జరిగి నిలబడ్డాడు.