వెర్డెల్ ఇంటి ఆదివారం అతిథి

అమెరికాలో, జార్జియాలోని మా కాటర్స్ మిల్‌లో ఆదివారం ఎవరింట ఎవరు భోంచేశారో గురువారం పేపర్లో పడేది. రాసేది మిస్ వెర్డెల్ టిడ్‌వెల్. "మేకన్ నుంచి తమ్ముడి కుటుంబం మాక్సీ వాళ్ళింటికి వచ్చింది. కొబ్బరి కేకు బాగుంది." ఇదీ వార్త! ఎగతాళి చేసేవాళ్ళు చేసేవారు గానీ, ఒక్క వారం తమ పేరు పడకపోతే వాళ్ళే ఫోను చేసి అలిగేవారు. నూలు మిల్లు మూతపడి ఊరు సగం ఖాళీ అయినా వెర్డెల్ రాయడం మానలేదు.

అందరిళ్ళ చుట్టాలనూ పేపరెక్కించిన ఆ మనిషి ఇంటికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక ఆ గడప తొక్కినవాళ్ళే లేరు. పిలిస్తే రారా అంటారు మీరు. ఆ పిలవడమే ఆవిడకి చచ్చేంత సిగ్గు. ఎవరైనా కాదంటే ఆ మాట ఊరంతా పాకుతుందని భయం.

ఒక వారం వార్త చెప్పడానికి ఒక్క ఫోనూ రాలేదు. సోమవారం పొద్దున్నే ప్రెస్సుకి ఇవ్వాలి. ఒంటరితనంతో ఒళ్ళు మండి రాసేసింది: "ఆదివారం మిస్ వెర్డెల్ ఇంట మిస్టర్ హోయ్ట్ కేగల్ భోంచేశారు." హోయ్ట్ రెండిళ్ళ అవతల ఉంటాడు. భార్య పోయింది. చర్చిలో తలూపడమే తప్ప పెదవి విప్పడు. కాదని ఊళ్ళో చెప్పుకోడులే అనుకుంది.

చెప్పుకోవడానికి హోయ్ట్ లేడు. ఆదివారం సాయంత్రమే కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. సంగతి మంగళవారం గానీ బయటపడలేదు. ఆ వార్త తీసెయ్యమని అడగడానికి వెర్డెల్‌కి నోరు రాలేదు.

శుక్రవారం ఖననం అయ్యాక హోయ్ట్ కూతురు ఫేలీన్ నేరుగా వచ్చి తలుపు తట్టింది. చేతిలో పేపరు.

"మిస్ వెర్డెల్, నాన్న ఆఖరి భోజనం మీ ఇంట్లోనేనటగా. కడుపునిండా తిన్నాడా?"

నిజం చెబితే ఇన్నాళ్ళూ రాసిందంతా అబద్ధమేనంటుంది ఊరు. కానీ వెర్డెల్‌ని ఆపింది అది కాదు, ఆ పిల్ల మొహం.

"తిన్నాడమ్మా. చిక్కుడు గింజలు మారు వడ్డించుకున్నాడు."

ఫేలీన్ ఏడుస్తూనే నవ్వింది. "ఎన్నాళ్ళకి పిలిచారండీ! మీరు రాసిందంతా నాకు ఫోన్లో చదివి వినిపించేవాడు. 'ఆవిడింటికి ఈ వారమూ ఎవరూ వెళ్ళలేదే, నన్ను పిలిస్తే వెళ్ళనూ?' అనేవాడు. నువ్వే వెళ్ళరాదా అంటే, 'పిలవని పేరంటానికా? నీకేమైనా మతిపోయిందా?' అని కసిరేవాడు. పోన్లెండి, ఆ రోజైనా ఒక్కడే కూచుని తినలేదు. నాకది చాలు."

వెర్డెల్ ఆమెను కారు దాకా సాగనంపింది. ఆ ఆదివారం రెండిళ్ళ ఎడంలో ఇద్దరూ ఎవరికి వాళ్ళే తిన్నారు. కారు మలుపు తిరిగి కనుమరుగయ్యాక, "పిలవలేదమ్మా, నేను పిలవలేదు," అంది. వినడానికి అక్కడ ఎవరూ లేరు.